పక్షవాతం తర్వాత బరువు తగ్గడం మంచిదేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారి భోజనం గురించినవే కావడంతో, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. కొందరు కోరినందున ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇప్పుడు కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తున్నారు, ఒకటి రెండు మాటలు అంటున్నారు. జబ్బు చేయకముందు 71 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 60కి వచ్చారు. చూడటానికి వచ్చిన బంధువులు “ఒళ్ళు తగ్గింది, మంచిదే, బీపీ, షుగరు అదుపులోకి వస్తాయి” అంటున్నారు. పెద్దవాళ్ళు చెప్పిన పథ్యం ప్రకారం పొద్దున రెండు ఇడ్లీలు, పదకొండింటికి రాగి జావ, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం మళ్ళీ జావ, రాత్రి రెండు ఇడ్లీలు పెడుతున్నాం. పప్పు, గుడ్డు, పెరుగు వాతం చేస్తాయని మానిపించాం. నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోంది. ఎడమ చేత్తో తినమంటే తినరు. షుగరుకు మెట్‌ఫార్మిన్‌, డాపాగ్లిఫ్లోజిన్‌ మాత్రలు వాడుతున్నారు. ఈ తగ్గుదల మంచిదేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మంచిది కాదమ్మా. మీ బంధువులు ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు, అయినా ఈ నెలలో మీరు వెంటనే పట్టించుకోవలసిన విషయం ఇదే. 71 కిలోల మనిషి నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గారంటే నూటికి 15 వంతుల శరీరం కరిగిపోయిందన్నమాట. కోరుకోకుండా ఆరు నెలల్లో నూటికి పది వంతులు తగ్గితేనే వైద్యులు దానిని తీవ్రమైన పోషకాహార లోపం కింద లెక్క వేస్తారు. పైగా, వ్యాయామం చేసి తగ్గినవారికి కొవ్వు కరుగుతుంది గానీ, మంచం పట్టి, తిండి చాలక తగ్గినవారికి కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఫిజియోథెరపిస్టు వచ్చి రోజూ లేపి నిలబెడుతున్నది ఆ కండను నమ్ముకునే కదా.

మీరు రాసిన పథ్యాన్ని నేను లెక్క కట్టి చూశాను. నాలుగు ఇడ్లీలు, నీళ్ళతో కాచిన రెండు గ్లాసుల జావ, చిన్న గిన్నెడు చారన్నం, వీటన్నింటినీ కలిపినా రోజుకు 700 కెలోరీలు దాటవు. ప్రోటీన్‌ 20 గ్రాములు ఉంటే ఎక్కువ. మీ నాన్నగారి బరువున్న మనిషికి కోలుకునే దశలో రోజుకు 1500 నుంచి 1800 కెలోరీలు, సుమారు 70 గ్రాముల ప్రోటీన్‌ కావాలి. అంటే ఆయన సగం కడుపుకు కూడా తినడం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రోటీన్‌ లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి, క్రియాటినిన్‌ పరీక్ష ఇటీవల చేయించి ఉండకపోతే ముందు అది చేయించండి.

“లంకణం పరమౌషధం” అన్న మాట మన ఇళ్ళలో ఎంత బలంగా నాటుకుందో నాకు తెలుసు. రెండు రోజుల జ్వరానికో, అజీర్తికో ఆ మాట సరిపోతుందేమో గానీ, నెలల తరబడి కోలుకోవలసిన మనిషికి దానిని వర్తింపజేస్తే ఆ మనిషి చిక్కి శల్యమవుతాడు. పక్షవాతం అనే పేరులో “వాతం” ఉన్నందువల్ల వాతం చేసే పదార్థాలన్నీ మాన్పించాలని అనుకుంటారు గానీ, మెదడులోని రక్తనాళం మూసుకుపోవడం వల్లనో, చిట్లడం వల్లనో వచ్చే జబ్బు ఇది. పప్పుతో, పెరుగుతో, గుడ్డుతో దీనికి సంబంధం లేదు. ఆ మూడింటినీ ఈ రోజు నుంచే తిరిగి మొదలుపెట్టండి.

అయితే ఏమి పెట్టాలన్న దానికంటే ముందు ఎలా మింగుతున్నారన్నది చూడాలి. పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది గానీ, మీ నాన్నగారికి నాలుగు నెలల తర్వాత కూడా నీళ్ళకు పొలమారుతోందంటే ఆ ఇబ్బంది మిగిలే ఉందని అర్థం. నీళ్ళు పలచగా, వేగంగా జారిపోతాయి. గొంతులోని కండరాలు శ్వాసనాళాన్ని మూసే లోపే అవి లోపలికి చేరి, ఊపిరితిత్తుల్లోకి దిగి, న్యూమోనియాకు దారి తీస్తాయి. దగ్గు రాకుండానే కొందరికి ఇలా జరుగుతుంది కాబట్టి దగ్గడం లేదని ధీమాగా ఉండటానికి వీల్లేదు. తిన్న తర్వాత గొంతు తడిగా గరగరలాడటం, సాయంత్రాలు చిన్నపాటి జ్వరం రావడం, భోజనం మధ్యలోనే ఆయాసపడటం, ఇవి కనిపిస్తే ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఈలోగా స్పీచ్‌ థెరపిస్టు చేత మింగే పరీక్ష చేయించాలి. వారు మాట నేర్పేవారే కాదు, మింగడాన్ని పరీక్షించి, సాధన చేయించేవారు కూడా.

మీరు మెత్తగా ఉంటుందని పెడుతున్న చారన్నం ఆయనకు ఇబ్బంది పెట్టే వంటకాల్లో ముందు వరుసలో ఉంటుంది. నోట్లోకి వెళ్ళగానే చారు ముందు జారిపోతుంది, మెతుకులు నాలుక మీదే మిగిలిపోతాయి. ఒకే ముద్దలో పలచనిదీ, గట్టిదీ రెండూ ఉంటే బలహీనమైన గొంతు ఆ రెండింటికీ ఒకేసారి సర్దుకోలేదు. నీళ్ళు తేలే మజ్జిగన్నం, సాంబారులో నానేసిన ఇడ్లీ కూడా ఇలాంటివే. మరమరాలు, పొడి అటుకులు, కారప్పొడి అన్నం, చపాతీ ముక్కలు కూడా ప్రస్తుతానికి వద్దు. అన్నాన్ని ముద్దపప్పుతో కలిపి, నెయ్యో నూనో వేసి, మెతుకు కనపడకుండా మెదిపి, చెంచాను తిరగేస్తే ఒకే ముద్దగా జారి పడేంత చిక్కగా పెట్టండి. గట్టి పెరుగుతో మెదిపిన అన్నం, బాగా మెదిపిన గుడ్డు పొరటు, ముళ్ళు ఏరేసిన చేప ముక్క గుజ్జు, మెదిపిన అరటిపండు, సపోటా కూడా థెరపిస్టు సరేనంటే పెట్టవచ్చు.

జావ ఎంత చిక్కగా ఉండాలో కంటికి తెలియదు. దానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి తెచ్చి, సూదిని, లోపలి కాడను తీసేసి, కింది మూతిని వేలితో మూసి 10 గీత దాకా జావ పోయాలి. సిరంజి మీద సున్నా నుంచి 10 గీత వరకు సుమారు 6 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. వేలు తీసి సరిగ్గా పది సెకన్లు కారనిచ్చి, తిరిగి మూసి చూస్తే, నీళ్ళయితే ఏమీ మిగలవు. 4 నుంచి 8 మిల్లీలీటర్లు మిగిలితే అది కొద్దిగా చిక్కని ద్రవం, 8కి మించి మిగిలితే మరింత చిక్కనిది. మీ నాన్నగారికి ఏ స్థాయి సరిపోతుందో థెరపిస్టు చెబుతారు. ఆ స్థాయిలోనే ప్రతిసారీ ఉండేట్టు చూడటం ఇంట్లోవారి పని. వేడి మీద కొలిచిన జావ చల్లారాక గట్టిపడుతుంది కాబట్టి తాగించే వేడిలోనే కొలవాలి. ఇంకొక చిన్న విషయాన్ని చాలామంది గమనించరు. నోట్లో పెట్టిన చెంచానే తిరిగి గిన్నెలో ముంచుతూ ఉంటే ఆ ఎంగిలి వల్ల పిండితో కాచిన జావ నిమిషాల్లో పలచబడిపోతుంది. గిన్నెలోంచి తీసేందుకు ఒక చెంచా, తినిపించేందుకు ఇంకొక చెంచా పెట్టుకోండి.

జావను నీళ్ళతో కాకుండా పాలతో కాచి, అందులో రెండు పెద్ద చెంచాల పాలపొడి, మెత్తగా పొడి కొట్టి జల్లించిన వేరుశనగపప్పు కలిపితే, అదే గ్లాసులో కెలోరీలు రెండు మూడు రెట్లు అవుతాయి, ప్రోటీన్‌ పది గ్రాములు దాటుతుంది. షుగరు ఉన్నందువల్ల బెల్లం వేయకండి. ఒకేసారి ఎక్కువ తినలేరు కాబట్టి రోజు మొత్తం భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా చేయండి. నిటారుగా కూర్చోబెట్టి, వెనక దిండు పెట్టి, గడ్డాన్ని పైకి ఎత్తనివ్వకుండా తినిపించి, తిన్న తర్వాత అరగంట పడుకోనివ్వకండి.

ఎడమ చేత్తో తినకపోవడం మొండితనం అని అనుకోవద్దు. అరవై ఏళ్ళు ఎడమ చేయిని అన్నం దగ్గరికి రానివ్వని మనిషికి నలుగురి ముందు ఆ చేత్తో ముద్ద పెట్టుకోవడం ఎంత అవమానంగా ఉంటుందో ఆలోచించండి. పైగా ఆయనకు మాట కూడా సరిగా రావడం లేదు కాబట్టి ఆకలిగా ఉందనో, ఇది వద్దనో, ఇంకొంచెం పెట్టమనో చెప్పలేరు. ముందు కొన్ని రోజులు తలుపు వేసి, ఆయన కోరుకున్న మనిషి ఒక్కరే పక్కన ఉండి, చేత్తో కాకుండా చెంచాతో అలవాటు చేయండి. చెంచా కాడకు పాత గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. కంచం కింద తడి గుడ్డ పరిస్తే కంచం జరగదు. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెమైతే అన్నం బయటికి పోకుండా చెంచాలోకి వస్తుంది.

మందుల విషయానికి వస్తే, డాపాగ్లిఫ్లోజిన్‌ రోజుకు సుమారు 60 నుంచి 80 గ్రాముల చక్కెరను మూత్రంలో బయటికి పంపుతుంది. ఊబకాయం ఉన్నవారికి ఇది మేలు చేస్తుంది. సరిగా తినలేక చిక్కిపోతున్నవారిలో బరువును ఇంకా తగ్గించడమే కాక, తిండి బాగా తగ్గిన రోజుల్లో రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం కూడా ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌ కొందరికి ఆకలిని చంపుతుంది. ఈ రెంటినీ మీ అంతట మీరు మానిపించవద్దు. కానీ “నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గారు, ఇవి కొనసాగించాలా” అని ఈ వారమే మీ షుగరు డాక్టరును అడగండి. నిస్పృహ గురించి కూడా అడగండి. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి అది వస్తుంది. ఆకలి పోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, మనవలు వచ్చినా ముఖంలో మార్పు లేకపోవడం దాని లక్షణాలు, దానికి మందులున్నాయి.

ఇకపై రెండు వారాలకొకసారి ఆయనను తూచండి. నిలబడలేని రోజుల్లో, బియ్యం బస్తాలు తూచే కాటా ఉన్న కొట్టులో అడిగితే ఎవరూ కాదనరు. ప్లాస్టిక్‌ కుర్చీలో కూర్చోబెట్టి తూచి, కుర్చీ బరువు తీసేయడమే. అదీ కుదరకపోతే బాగున్న కాలి పిక్క లావుగా ఉన్నచోట దర్జీ టేపుతో చుట్టుకొలత తీసి కేలండరు మీద రాయండి. ఆసియావారికి పెట్టిన ప్రమాణం ప్రకారం మగవారిలో 34 సెంటీమీటర్లకు, ఆడవారిలో 33 సెంటీమీటర్లకు తగ్గితే కండ తరిగిపోతోందని అనుమానించాలి. స్వీడన్‌లోని లుండ్‌ నగరంలో జరిపిన అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన ఏడాదికి నాలుగో వంతు మంది మూడు కిలోలకు పైగా బరువు తగ్గినట్టు తేలింది. ఇది మీ ఇంట్లో మాత్రమే జరుగుతున్నది కాదు, తూచకపోతే కనపడదంతే. మా అమ్మ పక్షవాతంతో మంచాన ఉన్నప్పుడు ఆస్పత్రిలో చేర్చిన రోజు గానీ, ఇంటికి పంపిన రోజు గానీ ఎవరూ ఆమెను తూచలేదు. రోగుల భోజనం గురించి సలహాలు చెప్పే నేను కూడా తూచలేదు. ఒక రోజు తల దువ్వుతుంటే ముంజేతి మీద బిగుతుగా ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారిపోవడం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా మొదట బరువు అడుగుతున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్ళు. ఎడమవైపు పక్షవాతం వచ్చి ఆరు వారాలైంది. మాట బాగానే ఉంది. కానీ కంచంలో పెట్టిన అన్నం సగమే తిని, చాలంటుంది. తీసేస్తే కాసేపటికే ఆకలంటుంది. తిన్న గంటకు కూడా బుగ్గలో ముద్ద ఉంటోంది. మా ఇంట్లో అందరూ ఆమెది మొండితనమంటున్నారు. – ఒక కోడలు, కరీంనగర్‌

జవాబు: ఈసారి ఆమె వదిలేసిన కంచాన్ని తీసేయకముందు ఒక్కసారి గమనించండి. ఎడమవైపు సగం అన్నం గీత గీసినట్టు అలాగే ఉందేమో చూడండి. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరిలో ఎడమవైపు ప్రపంచమే స్పృహలోకి రాకుండా పోతుంది. కళ్ళు కనిపిస్తూనే ఉంటాయి గానీ, ఎడమ పక్కన కూర ఉందన్న సంగతి మనసుకు అందదు. ఎడమవైపు నిలబడి పలకరిస్తే తిరిగి చూడకపోవడం, గోడకు తగలడం, ఎడమ బుగ్గలో మిగిలిన ముద్దను గుర్తించకపోవడం ఇవన్నీ దానికి సంబంధించినవే. ఆమె మీతో అబద్ధమాడటం లేదు, తనకు కనిపించినదంతా తిన్నది.

సగం తిన్న తర్వాత కంచాన్ని అర చుట్టు తిప్పండి, రెండో సగం కుడివైపుకు వస్తుంది. కంచం ఎడమ అంచుకు ఎర్ర రిబ్బను లాంటి కొట్టొచ్చే రంగు గుడ్డ కట్టి, “అమ్మా, ఎర్రది కనిపించేదాకా చూడు” అని గుర్తు చేయండి. ఆ తర్వాత అలవాటు చేస్తూ తల ఎడమకు తిప్పేలా ఫిజియోథెరపిస్టు సాధన చేయిస్తారు. బుగ్గలోని ముద్ద విషయం మాత్రం తేలికగా తీసుకోవద్దు. తిన్న వెంటనే శుభ్రమైన తడి గుడ్డ వేలికి చుట్టి ఆ బుగ్గను తుడిచి, మెత్తటి బ్రష్‌తో పళ్ళు, నాలుక తోమించండి. కట్టుడు పళ్ళుంటే తీసి కడగండి. నోటిలో మిగిలిన తిండి, దానిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యూమోనియా రావడం ఈ జబ్బులో చాలా మామూలు, నోటి శుభ్రత దానిని తగ్గిస్తుంది. మనం పళ్ళు తోమించడాన్ని సేవ అనుకుంటాం గానీ, ఇక్కడ అది వైద్యమే.

ప్రశ్న: మా ఆయనకు పక్షవాతం వచ్చి ఏడు వారాలైంది. ముక్కులోంచి గొట్టం వేసి దాని ద్వారానే పాలు, జావ పోస్తున్నాం. రెండు సార్లు పీకేసుకున్నారు. డాక్టరు గారు పొట్టలోకి గొట్టం పెడదామంటున్నారు. అది పెడితే ఇక నోటితో తినే అవకాశం ఉండదని అందరూ భయపెడుతున్నారు. – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ భయం అర్థమవుతుందమ్మా, అయితే అది నిజం కాదు. పొట్ట గొట్టం ఉన్నవారు కూడా మింగడం నేర్చుకుని, కొన్ని నెలల తర్వాత గొట్టం తీయించుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. గొట్టం ఉన్నంతకాలం థెరపిస్టు సమక్షంలో చెంచాడు చొప్పున నోటితో ఇస్తూ, మింగే సాధన చేయించాలి. గొట్టం పెట్టాం కదా అని ఆ సాధన ఆపేస్తేనే మీరు భయపడుతున్నది జరిగే అవకాశం ఉంది.

మొదటి రెండు మూడు వారాల్లో ఎవరికీ తొందరపడి పొట్ట గొట్టం పెట్టరు. అప్పటికి చాలామంది మింగే శక్తి తిరిగి తెచ్చుకుంటారు, పైగా 2005లో ఫలితాలు వెలువడిన ఫుడ్‌ అనే పెద్ద పరిశోధనలో, తొలి వారాల్లోనే పొట్ట గొట్టం పెట్టినవారికి ముక్కు గొట్టం పెట్టినవారి కంటే మేలు జరగలేదు, కొంత హానే కనిపించింది. నాలుగు వారాలు దాటి కూడా గొట్టం అవసరముంటుందని తేలితే పొట్ట గొట్టమే మేలని యూరప్‌లోని పోషకాహార నిపుణుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడు వారాలైన మీ ఆయన ఆ కోవలోకే వస్తారు. మాటిమాటికీ ముక్కు గొట్టం పీకేసుకుని, మళ్ళీ వేయించుకుంటూ ఉంటే ముక్కు పుండు పడటం ఒక ఇబ్బంది, ప్రతిసారీ కొన్ని గంటలు తిండి, మందులు ఆగిపోవడం ఇంకో ఇబ్బంది. పొట్ట గొట్టాన్ని ఎండోస్కోపీ ద్వారా అరగంటలో పెడతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, ఏది ఎన్ని రోజులు ఆపాలో వారే చెప్పాలి.

గొట్టం ఏదైనా, తిండి పోసేటప్పుడు తల వైపును మంచం మీద 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచి, పోసిన తర్వాత అరగంట నుంచి గంట దాకా అలాగే ఉంచాలి. ఒకేసారి 200 నుంచి 250 మిల్లీలీటర్లు మించకుండా, నెమ్మదిగా, దాని బరువుకు అదే దిగేలా పోయాలి, సిరంజితో బలంగా నెట్టవద్దు. ముందూ వెనకా కొంచెం గోరువెచ్చటి నీళ్ళు పోస్తే గొట్టం మూసుకుపోదు. పాలు, జావ మాత్రమే పోస్తే కండ నిలవదు కాబట్టి మెత్తగా ఉడికించి, మిక్సీలో వేసి, జల్లెడలో వడకట్టిన పప్పు, ఉడికించిన గుడ్డు, కూరగాయలు, చెంచాడు నూనె కూడా కలపాలి. చేసిన దానిని రెండు గంటల లోపు వాడాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. మాత్రలను పొడి చేసి గొట్టంలో వేసే అలవాటుంటే జాగ్రత్త. పాంటోప్రజోల్‌ లాంటి పై పూత ఉన్న మాత్రలను, పేరు చివర ఎస్‌.ఆర్‌. అని ఉన్న షుగరు మాత్రలను చిదమకూడదు. వాటికి బదులు ద్రవరూపంలో ఏమున్నాయో అడగండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. రాజమండ్రిలో ఉన్న మా నాన్నగారికి ప్రోటీన్‌ పొడి డబ్బాలు పంపిస్తున్నాను. రోజుకు ఎన్ని చెంచాలు ఇవ్వాలి? – ఒక పాఠకుడు

జవాబు: ఫుడ్‌ పరిశోధనలోనే, పక్షవాతం వచ్చిన 4 వేలకు పైగా మందిలో కొందరికి మామూలు భోజనంతో పాటు పోషకాల డ్రింకులు కూడా ఇచ్చి చూశారు. అందరికీ ఇవ్వడం వల్ల పెద్దగా మేలు జరిగినట్టు తేలలేదు. అయితే వారిలో ఎక్కువమంది చేరేనాటికే బాగా తింటున్నవారు, బక్కచిక్కినవారు కొద్దిమందే. అందువల్ల మీ నాన్నగారి బరువు తగ్గడం లేదనుకుంటే డబ్బాతో అవసరం లేదు. తగ్గుతుంటే, భోజనానికి బదులుగా కాకుండా భోజనాల మధ్యలో ఇవ్వండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ప్రోటీన్‌ పొడుల మీద ఆధారపడవద్దనే చెబుతున్నాయి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్‌ ఉంటుంది, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ఇరవై గ్రాములు దాటుతుంది. మీరు పంపే డబ్బుతో పూట పూటకూ వండి పెట్టగల వంటమనిషిని పెట్టగలిగితే, అది డబ్బా కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: మా తాతగారికి బీపీ వల్ల పక్షవాతం వచ్చింది. ఉప్పు పూర్తిగా మానిపించాం. చప్పిడి అన్నం తినలేక రెండు ముద్దలకే లేస్తున్నారు. – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్‌

జవాబు: ఉప్పును తగ్గించాలి గానీ, ఉప్పు లేదని తిండే మానేస్తే మనం కాపాడాలనుకున్న మనిషినే నష్టపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు అన్ని విధాలా కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, బయట కొన్న మిక్చరు మానిపించి, ఆ ఒక్క చెంచా ఉప్పును ఇంట్లో కూరకే ఖర్చు పెట్టండి. దించిన తర్వాత నిమ్మరసం, కొత్తిమీర, వెల్లుల్లి తాలింపు, మిరియాలు వేస్తే నాలుకకు పెద్దగా తేడా తెలియదు. 2021లో వెలువడిన చైనా అధ్యయనంలో, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం నూటికి 14 వంతులు తగ్గింది. కానీ మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు గానీ, టెల్మిసార్టాన్‌ వంటి బీపీ మాత్రలు వాడేవారు గానీ డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు, పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు.

ప్రశ్న: నా భార్యకు 48 ఏళ్ళు. ఏడాది క్రితం పక్షవాతం వచ్చి, నడక బాగానే వచ్చింది. కానీ 68 కిలోల నుంచి 79 కిలోలకు పెరిగింది. అన్నం పూర్తిగా మానేసి, కొబ్బరి నూనె తాగే డైటు మొదలుపెట్టాలనుకుంటోంది. – ఒక పాఠకుడు, నిజామాబాద్‌

జవాబు: ఈమె విషయంలో బరువు తగ్గడం అవసరమే, ఎందుకంటే పెరిగిన బరువు మోకాలి మీదా, బీపీ మీదా పడుతుంది. కానీ నెలకు రెండు కిలోలకు మించకుండా, ఏడెనిమిది నెలల్లో తగ్గడం మేలు. అన్నం ఒక్కసారిగా మానేసి కొవ్వు మీద బతికే డైటు, షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్‌ లాంటి మాత్రలు వాడేవారికి ప్రాణాంతకం కావచ్చు. గ్లిమెపిరైడ్‌ అనే షుగరు మాత్ర వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోవచ్చు. షుగరు లేకపోయినా, కొవ్వు ఎక్కువై, ప్రోటీన్‌ తక్కువైన డైటులో కండ కరుగుతుంది. మధ్యాహ్నపు అన్నాన్ని ఒక కప్పుకు కుదించి, కంచంలో సగం కూరకు, పావు వంతు పప్పుకో, గుడ్డుకో, చేపకో కేటాయించమనండి. సాయంత్రం టీతో పాటు వచ్చే బిస్కెట్లు, జంతికలు ఎన్ని కెలోరీలవుతున్నాయో ఒక వారం పాటు పుస్తకంలో రాయమనండి. చాలామందిలో అసలు పెరుగుదల అక్కడే ఉంటుంది. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రల మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చు కాబట్టి, తల తిరిగినట్టుంటే వెంటనే బీపీ చూపించండి.

ప్రశ్న: గుండె లయ తప్పడం వల్ల పక్షవాతం వచ్చింది. అసిట్రోమ్‌ మాత్ర వాడుతున్నాను. ఆకుకూరలు తినకూడదన్నారు. అసలే ఆకలి లేదు, గోంగూర కూడా మానాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మానవలసిన అవసరం లేదు. అసిట్రోమ్‌ విటమిన్‌ కె కు వ్యతిరేకంగా పనిచేసి రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది, ఆకుకూరల్లో ఆ విటమిన్‌ ఎక్కువ. ఈ రోజు రెండు గిన్నెలు, రేపటి నుంచి వారం పాటు శూన్యం అన్న తీరులో తింటేనే ఐ.ఎన్‌.ఆర్‌. రిపోర్టు (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే పరీక్ష) ఎగుడుదిగుడు అవుతుంది. వారానికి మూడు రోజులని పెట్టుకుని, ప్రతిసారీ అదే గిన్నెడు తినండి. రిపోర్టును బట్టి డాక్టరు దానికి తగ్గట్టు మందు మోతాదు కుదురుస్తారు. ఆకలి లేక తిండి బాగా తగ్గిన వారంలో మాత్రం ఐ.ఎన్‌.ఆర్‌. ఒకసారి ఎక్కువగా చూపించుకోండి, ఎందుకంటే విటమిన్‌ కె తగ్గితే రక్తం మరీ పలచబడుతుంది. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరు గారు మీకు కొత్త రకం మాత్రలు, అంటే అపిక్సబాన్‌ గానీ, రివరాక్సబాన్‌ గానీ రాస్తే, వాటికి ఆకుకూరలతో పేచీ లేదు. అయితే రివరాక్సబాన్‌ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలను అన్నం తిన్న తర్వాతే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలోకి సరిగా చేరవు. ఆకలి లేక రాత్రి భోజనం దాటేస్తున్నవారు ఆ మాత్రను మధ్యాహ్న భోజనానికి మార్చుకోవచ్చేమో ముందుగా డాక్టరును అడగాలి.